జాగ్రత్త: మూడు లక్షల పాలసీ ఉన్నా 71 వేలు చేతి నుంచి కట్టాం. రూమ్ రెంట్ లైన్ చదవకుండా హెల్త్ పాలసీ తీసుకోకండి

పాతిక ముప్పై ఏళ్ల మధ్య ఉండి, ఈ మధ్యే హెల్త్ పాలసీ తీసుకున్నవాళ్లు, తీసుకోబోతున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. కంపెనీ పేరు, ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఎందుకంటే నాకు జరిగింది ఏ కంపెనీ పాలసీతోనైనా జరగొచ్చు. పేరు చెబితే "మాది ఆ కంపెనీ కాదులే" అని ఊపిరి పీల్చుకుని వదిలేస్తారు.

నాకిప్పుడు 27. మాది తెనాలి. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఉండేది కేపీహెచ్‌బీలో హాస్టల్. మాది పదిహేను మంది ఉండే చిన్న ఆఫీసు, గ్రూప్ ఇన్సూరెన్స్ లేదు. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ కూడా లేదు. 2023లో మాకు వరసకు బాబాయి అయ్యే ఒకాయన ఇంటికొచ్చి, "అమ్మాయి ఒక్కతే పరాయి ఊళ్లో ఉంటోంది, ఏదైనా అయితే ఎట్లా" అని నాన్నకు చెప్పి పాలసీ రాయించారు. మూడు లక్షల కవర్, ట్యాక్స్‌తో కలిపి ఏడాదికి 5,310 రూపాయలు. నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "బాబాయ్, క్యాష్‌లెస్ ఉందా?" "ఉందమ్మా, కార్డు చూపిస్తే చాలు" అన్నారు. అంతే. మెయిల్‌కి వచ్చిన పాలసీ కాగితం 42 పేజీలు. మొదటి పేజీలో నా పేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో చూసి మూసేశాను.

గత జూలైలో ఒక రాత్రి కడుపులో నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకున్నాను. పన్నెండున్నరకి కుడివైపు కిందకి దిగింది, నిలబడలేకపోయాను. రూమ్మేట్ ఆటో పిలిచి దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్కాన్ తీసి అపెండిక్స్ వాచింది, పొద్దున్నే తీసేయాలి అన్నారు. ఇరవై వేలు అడ్వాన్స్ కట్టాం. రాత్రి రెండింటికి అడ్మిషన్ కౌంటర్‌లో అడిగారు: "సింగిల్ రూమా, ట్విన్ షేరింగా మేడమ్?" పొద్దున్నే అమ్మానాన్న వస్తున్నారు, అమ్మ నా దగ్గరే పడుకోవాలి. సింగిల్ అన్నాను. రోజుకు 6,000. "మీకు ఇన్సూరెన్స్ ఉందిగా, ఇబ్బంది లేదు" అని ఆ అబ్బాయి కాగితం ముందుకు జరిపాడు. నొప్పితో వంగిపోయి సంతకం పెట్టాను. నాకు ఖర్చు పెట్టించింది ఆ సంతకమే. అది నాకు తెలిసింది నాలుగు రోజుల తర్వాత.

ఆపరేషన్ బాగానే జరిగింది. డాక్టర్ల మీద, నర్సుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. డిశ్చార్జ్ రోజు మధ్యాహ్నం ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి నాన్నకు పిలుపొచ్చింది. మొత్తం బిల్లు 1,36,000. కంపెనీ ఒప్పుకున్నది 65,000. మిగతా 71,000 మేమే కట్టాలి. నాన్నకి ఏమీ అర్థం కాలేదు. "మూడు లక్షల పాలసీ కదండీ, బిల్లు అందులో సగం కూడా లేదు కదా" అని రెండు మూడుసార్లు అడిగారట. వాళ్లు ఇంగ్లీషులో ఉన్న లెటర్ ప్రింట్ తీసి చేతిలో పెట్టారు.

అడ్వాన్స్ పోను ఇంకా 51,000 కావాలి. నా అకౌంట్లో పదకొండు వేలు ఉన్నాయి. అమ్మ ఏమీ అనకుండా బాత్రూమ్‌లోకి వెళ్లి, చేతులకి సబ్బు రాసుకుని గాజులు రెండూ తీసింది. ఎన్నో ఏళ్లుగా తీయని గాజులు, మణికట్టు ఎర్రగా కందిపోయింది. నాన్న వాటిని రుమాల్లో చుట్టుకుని రోడ్డవతల గోల్డ్ లోన్ ఆఫీసుకి వెళ్లి, అరగంటలో నలభై వేలతో వచ్చారు. ఇన్సూరెన్స్ తీసుకున్నదే ఈ రోజు రాకూడదని కదా.

ఇంటికొచ్చాక, కుట్లు మానుతుండగా మంచం మీద కూర్చుని ఆ 42 పేజీలూ చదివాను. 17వ పేజీలో ఉంది: రూమ్ ఖర్చు రోజుకు సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం వరకు. అంటే మూడు లక్షలకి రోజుకు 3,000. నేను తీసుకున్నది 6,000 రూమ్.

చాలామంది ఇక్కడే పొరపడతారు. రూమ్ దగ్గర మిగిలే తేడా, నాలుగు రోజులకి 12,000, మనం కట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. కాదు. లిమిట్ దాటిన రూమ్ తీసుకుంటే సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీలు కూడా ఆ రూమ్ రేటును బట్టే పెరుగుతాయి కాబట్టి, వాటిలోనూ అదే నిష్పత్తిలో కోత పెడతారు. దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. నా లిమిట్ రూమ్ రేటులో సగం, కాబట్టి అన్నిటిలోనూ సగమే. రూమ్ 24,000లో 12,000 ఇచ్చారు. సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్, విజిట్లు కలిపి 62,000 అయితే 31,000 ఇచ్చారు. మందులు, సామాన్లు 34,000లో గ్లౌజులు, మాస్కుల్లాంటివి లెక్కలోకి రావని 6,000 తీసేసి, మిగిలిన 28,000లో సగం 14,000. టెస్టులు 16,000 అయితే 8,000. మొత్తం 65,000.

నేను లిమిట్‌లో ఉండే రూమ్ తీసుకోవాల్సింది అంటారేమో. ఆ ఆసుపత్రిలో ట్విన్ షేరింగే 3,500. జనరల్ వార్డు తప్ప నా పాలసీకి సరిపోయే మంచం అక్కడ లేదు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి 1 శాతం లిమిట్‌తో మూడు లక్షల పాలసీ అమ్మడం అంటే ఇదీ లెక్క.

అయితే అంతటితో ఊరుకోలేదు. చదువుతుంటే ఇంకోటి దొరికింది. బీమా కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో ఇచ్చిన నిబంధనల ప్రకారం ఈ ప్రపోర్షనేట్ కోత మందులకీ, కన్స్యూమబుల్స్‌కీ (వాడి పారేసే సామాన్లకీ), ఒంట్లో అమర్చే ఇంప్లాంట్లకీ, టెస్టులకీ వర్తించదు. ఐసీయూ ఛార్జీలకీ వర్తించదు. రూమ్‌ని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రి అయితే అసలు కోతే పెట్టకూడదు. అంటే నా మందుల్లో 14,000, టెస్టుల్లో 8,000 కోయడం తప్పు. నా పాలసీ కాగితంలోనే, నిర్వచనాల పేజీలో, చిన్న అక్షరాల్లో ఇది రాసి ఉంది! ఆ పేరా, బిల్లు బ్రేకప్ జతచేసి కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. మొదట "మీ ఫిర్యాదు అందింది" అని తప్ప జవాబు లేదు. తర్వాత ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్‌లో అదే ఫిర్యాదు నమోదు చేశాను. 19వ రోజున 22,000 అకౌంట్లో పడ్డాయి. ఎవరూ క్షమాపణ చెప్పలేదు, డబ్బు మాత్రం వచ్చింది. మిగతా 49,000 రాదు. ఆ కోత నేను సంతకం పెట్టిన పాలసీ ప్రకారమే జరిగింది.

మీలో ఎవరికైనా ఇలాంటి కోత పడి ఉంటే సెటిల్‌మెంట్ లెటర్ ఇప్పుడే బయటికి తీసి, మందుల దగ్గర, టెస్టుల దగ్గర ఎంత కోశారో చూడండి. కంపెనీ కాదంటే, లేదా నెల దాటినా పలక్కపోతే, బీమా గొడవలు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే, లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కాకపోతే కంపెనీ కాదన్న ఏడాదిలోపే వెళ్లాలి.

ఇక నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లిన రూమ్మేట్ సంగతి. తనది నాకంటే అన్యాయం. తనకి థైరాయిడ్ ఉంది, రోజూ పొద్దున్నే ఒక మాత్ర. పాలసీ ఫోన్లో తీసుకుంది. ఏమైనా జబ్బులున్నాయా అని అడిగినప్పుడు తను థైరాయిడ్ అని చెప్పబోతే, అవతలి మనిషి "చిన్న ట్యాబ్లెట్టే కదా మేడమ్, నో అనండి, లేకపోతే మెడికల్ టెస్టులు అవీ లేటవుతుంది" అన్నాడట. నో అంది. ఏడాది తర్వాత డెంగీతో అడ్మిట్ అయితే, డ్యూటీ డాక్టర్ కేస్ షీట్‌లో మామూలుగా "మూడేళ్లుగా థైరాయిడ్" అని రాశారు. క్లెయిమ్ రిజెక్ట్ చేశారు. పాలసీ కూడా రద్దు చేశారు. డెంగీకి థైరాయిడ్‌కి సంబంధం ఏంటని తను ఇప్పటికీ పోరాడుతోంది. నో అనమని చెప్పిన మనిషి ఆ ఉద్యోగంలోనే లేడు. కంపెనీ చూసేది ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ కోసం పెట్టిన దరఖాస్తులో, ఉన్న జవాబునే.

దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. థైరాయిడ్, పీసీఓడీ, ఆస్తమా, చిన్నప్పుడు ఎప్పుడో వచ్చిన ఫిట్స్, అన్నీ. చెబితే ప్రీమియం కాస్త పెరుగుతుంది, లేదా ఆ జబ్బుకి గరిష్ఠంగా మూడేళ్లు వెయిటింగ్ పెడతారు, అంటే అన్నాళ్లూ ఆ జబ్బుకి క్లెయిమ్ రాదు. ఐదేళ్లు వరుసగా కట్టిన తర్వాతైతే మోసం అని నిరూపిస్తే తప్ప ఇలాంటి కారణం చూపి క్లెయిమ్ కాదనలేరు. అప్పటిదాకా మాత్రం దాచిన ప్రతి మాటా నెత్తిమీద కత్తే. పాలసీతో పాటు మీ ప్రపోజల్ ఫారం కాపీ వస్తుంది. అందులో మీ పేరు మీద ఏజెంట్ ఏం టిక్కు పెట్టాడో మీ కళ్లతో చూసుకోండి. తేడా ఉంటే వెంటనే మెయిల్‌లో రాయండి. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. నేను తీసుకున్నప్పుడు అలాంటి గడువు ఒకటి ఉంటుందని కూడా నాకు తెలియదు.

ఇంత జరిగాక మా ఆఫీసులో ఒకరు "అందుకే నేను తీసుకోను, ఆ ఐదు వేలు ఎఫ్‌డీ వేసుకుంటా" అన్నారు. నేను ఒప్పుకోను. ఐదు వేల చొప్పున వేసుకుంటూ పోతే నా ఒక్క అపెండిక్స్ బిల్లు పోగవ్వడానికి వడ్డీ కలిపినా పదిహేనేళ్లు పైనే పడుతుంది. కోతలు పోను కూడా నాకు కంపెనీ 87,000 ఇచ్చింది, అది లేకపోతే అమ్మ మెడలోది కూడా వెళ్లేది. పైగా వయసులో ఉన్నప్పుడు తీసుకుంటే వెయిటింగ్ పీరియడ్లన్నీ ఒళ్లు బాగున్నప్పుడే గడిచిపోతాయి. కిడ్నీలో రాళ్లు, హెర్నియా, పైల్స్, సైనస్ లాంటి ఆపరేషన్లకి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. నొప్పి వచ్చాక తీసుకుంటే పనికిరాదు. ఆఫీసు ఇచ్చే గ్రూప్ పాలసీ ఉన్నవాళ్లు కూడా, ఉద్యోగం మానేసిన రోజుతో అది పోతుందని గుర్తుపెట్టుకోండి. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు.

అందరూ పరిగెత్తి కొనాలని కూడా అనను. ఈఎస్ఐ ఉన్నవాళ్లు, తెలంగాణలో ఆరోగ్యశ్రీకి, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవకి అర్హత ఉన్న కుటుంబాలు ముందు అవి చూసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబర్‌లోనే ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకి పెంచారు. ఆ జబ్బు లిస్టులో ఉండాలి, ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉండాలి, అది కనుక్కోండి.

కొనేవాళ్లు మాత్రం ప్రీమియం ఎంత అని కాకుండా ఈ మాట ముందు అడగండి: "రూమ్ రెంట్ లిమిట్ ఉందా? ఉంటే నేను వెళ్లే ఆసుపత్రిలో సింగిల్ రూమ్ ఎంత?" మీ ఇంటి దగ్గరున్న రెండు ఆసుపత్రులకి ఫోన్ చేస్తే రేటు చెప్పేస్తారు, ఐదు నిమిషాల పని. లిమిట్ లేని పాలసీకి నాకు అప్పట్లో ఏడాదికి ఇంకో రెండు మూడు వేలు ఎక్కువయ్యేది. కో-పే (ప్రతి బిల్లులో ఇంత శాతం మనమే కట్టాలనే షరతు) ఉందేమో, ఒక్కో ఆపరేషన్‌కి ఇంతే అని సబ్ లిమిట్ ఉందేమో కూడా చూడండి. 42 పేజీలు చదవలేకపోతే, కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని చిన్న పత్రం ఇస్తారు, అసలు విషయాలన్నీ అందులో ఉంటాయి. తెలుగులో కావాలని అడిగితే తెలుగులో ఇవ్వాలి. నా చేతిలో ఆ రాత్రి అది ఉండుంటే, అడ్మిషన్ దగ్గరే విషయం తెలిసేది.

మా బాబాయి మీద నాకు కోపం లేదు. ఆయనకీ ఈ కోత సంగతి తెలియదు, నా బిల్లు చూపించాక తల పట్టుకుని కూర్చున్నారు. తెలియనివాళ్లు తెలియనివాళ్లకి అమ్ముతున్నారు, నా భయమంతా అదే.

నా రెన్యువల్ మార్చి 10న. రెన్యువల్‌కి కనీసం 45 రోజుల ముందు అడిగితే వేరే కంపెనీకి పోర్ట్ చేసుకోవచ్చు, గడిచిన వెయిటింగ్ కూడా పాత మూడు లక్షల వరకు లెక్కలోకి వస్తుంది. జనవరి రెండో వారంలోనే అప్లై చేశాను. పది లక్షలు, రూమ్ లిమిట్ లేదు. థైరాయిడ్ లేదు, కానీ అపెండిక్స్ ఆపరేషన్ అయిందని తేదీతో సహా రాశాను.

మీ పాలసీలో ఈ లిమిట్ ఉందో లేదో అర్థం కాకపోతే, "రూమ్ రెంట్" అని రాసున్న పేజీ ఫొటో కింద పెట్టండి. పేరు, పాలసీ నంబరు కనబడకుండా కొట్టేయండి. ఆఫీసు అయ్యాక రాత్రి కూర్చుని ఒక్కోటీ చూసి చెబుతాను.