పోర్షే 914కి నూలు అల్లిక పెట్రోల్ హోసు: కొన్ని వేసవులు వాడాక

చూడ్డానికి ఈ హోసు చాలా బాగుంటుంది. నల్ల రబ్బరు మీద నూలు అల్లిక, అచ్చం ఫ్యాక్టరీలో వేసినట్టే. ఇంజిన్ మూత తీయగానే పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ల కళ్లు ముందు దాని మీదే పడతాయి. నాకు దాని మీద కోపం వచ్చిందీ ఆ అల్లిక వల్లే.

నా కారు 1973 మోడల్ 914, రెండు లీటర్ల ఇంజిన్, బాష్ డి-జెట్రానిక్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని ఒత్తిడితో చిమ్మే పాత ఎలక్ట్రానిక్ పద్ధతి). మేముండేది డాలస్ దగ్గర. పెట్రోల్ లైన్లు మార్చేటప్పుడు ట్యాంకు కింద, సీట్ల మధ్య నేల పొడవునా పోయే బోలు టన్నెల్లో, ఇంజిన్ మీద అన్నీ ఒకేసారి మార్చేశాను. టన్నెల్లో కంపెనీ వేసినవి ప్లాస్టిక్ పైపులు. ఇన్నేళ్ల తర్వాత అవి వంచితే చాలు, పుటుక్కున విరుగుతున్నాయి. పైగా 914లో బ్యాటరీ ఉండేది ఇంజిన్ పక్కన, పెట్రోల్ పైపులకు పైన. కారిన యాసిడ్ నేరుగా వాటి మీదే పడుతుంది. కాలిపోయిన 914ల గురించి వినే కథలు చాలావరకు ఆ మూల దగ్గరే మొదలవుతాయి. అందుకే టన్నెల్లో స్టెయిన్‌లెస్ స్టీల్ పైపులు వేసి, మిగతా అన్ని చోట్లా ఈ అల్లిక హోసు వాడాను. పని అయ్యాక కనిపించినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను కూడా.

పోయిన ఆగస్టులో ఇర్వింగ్ నుంచి కూరగాయలు కొనుక్కుని వస్తున్నాం. ఈ కార్లో ఇంజిన్ మన వీపు వెనకే ఉంటుంది. మా ఆవిడ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏమండీ, పెట్రోల్ బంకులో కూర్చున్నట్టుంది, మీకు రావట్లేదా?" అంది. వస్తోంది. ముందు వెళ్తున్న పాత ట్రక్కుదేమో అనుకుంటున్నా. ట్రక్కు పక్కకి తిరిగిపోయింది, వాసన మాత్రం మాతోనే ఉంది.

హైవే దిగి, ఆపి, తాళం తిప్పేసి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేత్తో పట్టుకునే మూత తీశాను. ఎక్కడా చుక్క పడట్లేదు. టార్చి వేసి చూస్తే కుడివైపు ఇంజెక్టర్ దగ్గర అల్లిక కాస్త ముదురు రంగులో ఉంది. టిష్యూ అద్దితే తడి. సరే, లీకు ఎక్కడ? ఇంజెక్టర్ దగ్గరా తడే, పైన రెయిల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే పైపు) దగ్గరా తడే, మధ్యలోనూ తడే. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఆ నూలు పెట్రోల్ని పీల్చి హోసు పొడవునా పాకించేసింది. చుక్క కింద పడి ఉంటే ఎప్పుడో పసిగట్టేవాళ్లం. పడకుండా అల్లికే పట్టి ఉంచింది, ఆవిరిగా వదిలింది. కింద హీట్ ఎక్స్ఛేంజర్లు (పొగగొట్టం వేడితో కారు లోపలికి వెచ్చటి గాలి పంపేవి) ముట్టుకోలేనంత వేడిగా ఉన్నాయి. ఇంజెక్షన్ ఒత్తిడి సుమారు 2 బార్, ఇంజిన్ ఆపినంత మాత్రాన అది వెంటనే దిగిపోదు. ఇంకో మాట లేకుండా కారుని ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ ట్రక్కు పిలిచాం. కూరగాయల సంచులతో ఆ ఎండలో రోడ్డు పక్కన నిలబడటం గురించి మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

ఇంటికొచ్చాక ఆ హోసు ఊడదీసి అల్లికని బ్లేడుతో నిలువునా చీల్చాను. పైన ఒక్క పోగు తెగలేదు, కొత్తదానిలాగే ఉంది. లోపల రబ్బరు మాత్రం క్లాంప్ (హోసుని బిగించే పట్టీ) అంచున గట్టిపడి, చుట్టూ బీటలు వారింది. మామూలు నల్ల హోసైతే అప్పుడప్పుడూ వేలితో వంచి చూసుకుంటాం, బీటలుంటే అక్కడే నోరు తెరుస్తాయి. దీన్ని ఎంత వంచినా కనిపించేది నూలే.

నేను కొన్నదాని మీద ప్రమాణం పేరు గానీ, తయారైన ఏడాది గానీ లేదు. అమ్మినవాళ్లు చెప్పింది 'ఒరిజినల్ లాంటిదే' అని. ఒరిజినల్ వచ్చిన రోజుల్లో పెట్రోల్లో ఈ పది శాతం ఇథనాల్ కలిపే గొడవ లేదు కదా! అల్లిక ఉన్నవన్నీ ఇలాగే ఉంటాయని అనను. లోపల ఫ్లోరో రబ్బరు (ఇథనాల్‌ని బాగా తట్టుకునే రకం) పొర వేసిన అల్లిక హోసులూ దొరుకుతాయి. అయినా బయటి నుంచి చూసి ఏది ఏదో చెప్పలేం.

ఇప్పుడు వేసింది ఎస్ఏఈ జె30ఆర్9 (ఇంజెక్షన్ హోసుల ప్రమాణం పేరు) అని పొడవునా అచ్చు వేసి ఉన్న మామూలు నల్ల హోసు. అందం సున్నా. కానీ అనుకోని లాభం ఒకటి దక్కింది. మా గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంటుంది, కారు వారమంతా కదలకపోతే తలుపు తీయగానే పెట్రోల్ వాసన గుప్పుమనేది. పాత కారు అంటే అంతేలే అనుకునేవాణ్ణి. ఇప్పుడు లేదు. లీకు లేకపోయినా పెట్రోల్ ఆవిరి హోసు గోడలోంచి బయటికి వస్తూనే ఉంటుంది. అదే ప్రమాణంలో కింది రకమైన ఆర్7కి హోసు గోడ చదరపు మీటరుకి రోజుకి 550 గ్రాముల దాకా ఒప్పుకుంటారు, ఆర్9కి 15 గ్రాములే. బయట షాపుల్లో ఊరికే 'ఫ్యూయల్ హోసు' అని అడిగితే చేతిలో పెట్టేది ఎక్కువగా ఆర్7. సైజు మిల్లీమీటర్లలోనే అడగండి. 7 మి.మీ. ఉండాల్సిన చోట 5/16 అంగుళం ఇస్తారు, అది 7.9. క్లాంపులు అంచు మడిచిన ఇంజెక్షన్ రకమే వాడండి, గాడులున్నవి రబ్బరుని కోసేస్తాయి.

టన్నెల్లో స్టీల్ పైపులు వేసినప్పుడు వాటి గురించి 'ఇక జన్మలో ముట్టుకోనక్కర్లేదు' అన్నాను. పైపుల వరకు ఆ మాట నిజమే. రెండు చివర్లా ఉన్నది మాత్రం మళ్లీ రబ్బరే. పంపు మోత కూడా ప్లాస్టిక్ రోజుల కంటే సీట్లోకి బాగా వినిపిస్తోంది. టన్నెల్ గోడకి తగిలే చోట తొడుగు వేశాక కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఎండలు మండే ఊరు, ఇథనాల్ కలిసిన పెట్రోల్, వారానికోసారి తిరిగే కారు, ఇంటికి అంటుకున్న గ్యారేజీ: నా పరిస్థితి ఇది. చల్లటి ఊళ్లో ఉండి, కారుని ప్రదర్శనలకే తీసుకెళ్లేవాళ్లకి అల్లిక లేకపోతే మార్కులు పోతాయి. వాళ్లు లోపలి పొర ఏమిటో కాగితం మీద రాయించుకుని కొంటే సరిపోవచ్చేమో.

విజయవాడలో మా బావమరిది కూడా, ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక తన పాత బైకు పైపు మెత్తబడిందని ఒక ముక్క పంపమన్నాడు. బైకులో పెట్రోల్ దానంతటదే కిందికి దిగేదే, ఇంత ఒత్తిడి ఉండదు, మీటరు ముక్క చాలు. సైజు కొలిచి చెప్పమంటే ఇంకా చెప్పలేదు.