మూత్రాశయ ఆపరేషన్‌కు ప్యాకేజీ డబ్బు కట్టే ముందు బయాప్సీ సంగతి తేల్చుకోండి

మూత్రంలో రక్తం కనిపించి శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ పరీక్షలకు వెళ్తున్నవారు ముందుగా ఇది చదవాలని కోరుతున్నాను.

మా పెదనాన్నగారిది కవిటి వైపు ఊరు. నొప్పి, మంట ఏమీ లేకుండానే మూత్రం ఎర్రగా రావడంతో ఆయన్ను శ్రీకాకుళంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాము. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనిషని తెలిసి కూడా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండానే, కిడ్నీలు బాగాలేనివారికి ఇబ్బంది కలిగించగల కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో సీటీ స్కాన్ రాశారు. మా అక్క పట్టుబట్టిన తర్వాతే రక్తపరీక్ష చేశారు. మూత్రాశయంలోకి కెమెరా గొట్టం పెట్టి చూసే సిస్టోస్కోపీలో గడ్డ కనిపించిందని, మూత్రం బయటికి వచ్చే దారి గుండానే దాన్ని గీకి తీసే టీయూఆర్‌బీటీకి అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ అని చెప్పి సొమ్ము ముందే కట్టించుకున్నారు. తీరా డిశ్చార్జి రోజున బయాప్సీకి (తీసిన ముక్కలను ల్యాబ్‌లో పరీక్షించడానికి), మత్తు డాక్టరుకు, కాథెటర్‌కు విడివిడిగా బిల్లు వేశారు.

డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు నష్టం బయాప్సీ రిపోర్టు వల్ల జరిగింది. అందులో 'హై గ్రేడ్' (వేగంగా పెరిగే రకం) క్యాన్సర్ అని ఉందే తప్ప, పంపిన ముక్కల్లో మూత్రాశయపు కండర పొర ఉందో లేదో, ఉంటే క్యాన్సర్ అందులోకి పాకిందో లేదో ఒక్క మాట కూడా లేదు. చికిత్స ప్రధానంగా దాన్ని బట్టే ఉంటుంది. పాకకపోతే చాలామందికి గడ్డ తీసి, మూత్రాశయంలోకి బీసీజీ మందు ఎక్కిస్తూ ఆ అవయవాన్ని కాపాడుకోవచ్చు. పాకితే మూత్రాశయాన్నే తొలగించడమో, కీమో, రేడియేషన్ ఇవ్వడమో ఆలోచించాలి. విశాఖపట్నంలో చూపిస్తే అక్కడి డాక్టరుగారు బయాప్సీ ముక్కలను భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు తెమ్మన్నారు. వాటికోసం వెళ్తే ఆసుపత్రివారు ల్యాబ్‌ను అడగమన్నారు, ల్యాబ్‌వారు ఆసుపత్రిని అడగమన్నారు. చివరికి ఆ వయసులో ఆయనకు మళ్లీ మత్తిచ్చి రెండోసారి గీకవలసి వచ్చింది. హై గ్రేడ్ గడ్డలకు ఒక్కోసారి ఇది ఎలాగూ అవసరమేనని విశాఖ డాక్టరుగారు చెప్పారు, ఆ మాట దాచను. కానీ ఏ దశలో ఉందో తెలియకుండా గడిపిన రోజులు మాత్రం ఎవరికీ రాకూడదు.

కాబట్టి ప్యాకేజీలో బయాప్సీ ఖర్చు ఉందా అన్నది కాగితం మీద రాయించుకోండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు కౌంటర్ మాటతో ఆగిపోకుండా, ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. కండర పొర గురించి రిపోర్టులో లేకపోతే రాయించమని డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. వైద్య రికార్డుల కోసం రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. దరఖాస్తు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. బ్లాకులు చేతికిచ్చినప్పుడు వాటి మీది నంబరు, రిపోర్టులోని నంబరు ఒకటేనా అన్నది అక్కడే సరిచూసుకోండి.