సెగా మెగా డ్రైవ్ పాత మోడల్: బొమ్మ పోతే ఐసీ పోయినట్టు కాదు

జగిత్యాల నుంచి దుబాయ్ పోయిన మా చిన్నాయన తొంభైల్లో తెచ్చిన మెగా డ్రైవ్ అనే వీడియో గేమ్ మెషిన్ హన్మకొండలో మా ఇంట్లో ఇప్పటికీ ఆడుతోంది. పైన పెద్దగా 16-బిట్ అని రాసుండే మొదటి మోడల్. ఇన్నేళ్ల వాడకంలో నాకు తేలింది ఒకటే: దీని చిప్పులు (ఐసీలు) మొండివి, బొమ్మని టీవీ దాకా మోసే దారే బలహీనం.

ముందు ఒక అపోహ. బొమ్మంతా ఒకే తీగలో పోయే మామూలు ఏవీ వైరుతో ఆడితే సన్నటి నిలువు గీతలున్న చోట లేని రంగులు పాకుతుంటాయి. సోనిక్ గేమ్‌లో జలపాతం దగ్గర చూడండి. అది పాడైనట్టు కాదు, లోపల రంగుల్ని టీవీ సిగ్నల్‌గా మార్చే సోనీ ఎన్‌కోడర్ చిప్పు సీఎక్స్ఏ 1145 ఇచ్చే బొమ్మే అంత. నిజానికి ఆ గీతలు కలిసిపోయి నీళ్లు పారదర్శకంగా కనబడేది కూడా అందుకే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు తీగల్లో పోయే ఆర్‌జీబీ వైరుతో చూస్తే ఉత్త చారలే.

అసలు రిపేర్ విషయానికొస్తే, ఓసారి తెర నల్లగా అయిపోయింది. రిపేర్ షాపులో మూత తీయకుండానే "ఐసీ పోయిందన్నా, ఇగ పని చెయ్యది" అన్నారు. కానీ ఈ మోడల్‌కి ముందువైపు హెడ్‌ఫోన్ జాక్ ఉంటుంది. అందులో సోనిక్ మ్యూజిక్ శుభ్రంగా వినిపిస్తోంది. అంటే సీపీయూ, గేమ్ క్యాసెట్ రెండూ బతికే ఉన్నాయి. వెనక 8 పిన్నుల గుండ్రటి సాకెట్‌లో వైరును కొంచెం పైకి పట్టుకుంటే బొమ్మ తళుక్కుమంది. డ్రై సోల్డర్! బరువైన వైరు ఏళ్ల తరబడి లాగీ లాగీ పిన్నుల చుట్టూ సన్నగా పగుళ్లు వచ్చాయి. కొత్తగా సోల్డర్ పెట్టాక మళ్లీ ఆ బాధ లేదు.

సాకెట్ బాగుండి కూడా బొమ్మ తేడాగా ఉంటే లోపం ఎక్కడుందో తేల్చడానికి ఆర్‌జీబీ వైరు పనికొస్తుంది. మన టీవీలకు ఆ వైరు గుచ్చే స్కార్ట్ సాకెట్ ఉండదు కాబట్టి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా కావాలి. ఆర్‌జీబీ బాగుండి ఏవీ మాత్రమే పాడైతే ఎన్‌కోడర్ తర్వాతి కండెన్సర్, రెసిస్టర్ చూడాలి. రెండింట్లోనూ అదే రంగు కనబడకపోతే ఎన్‌కోడర్‌కి ముందు, బొమ్మ గీసే చిప్పు వీడీపీ నుంచి వచ్చే ఆ రంగు లైన్ చూడాలి. ఏ క్యాసెట్ పెట్టినా ఒకే చోట పిచ్చి గళ్లు వస్తుంటే వీడియో ర్యామో, వీడీపీనో పోయినట్టు. అది ఇంట్లో చేసే పని కాదు.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం కరెంటు. ఎండాకాలం సాయంత్రాలు లో వోల్టేజీ వస్తే తెర మీద రెండు అడ్డపట్టీలు మెల్లగా పాకేవి. పొద్దున చూస్తే ఏమీ లేదు. లోపల వోల్టేజీని 5 దగ్గర నిలబెట్టే 7805 రెగ్యులేటర్లు రెండు ఉంటాయి. అవి 5 వోల్టులు సరిగా ఇవ్వాలంటే వాటికి కనీసం 7 వోల్టులు అందాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత అడాప్టర్ ఎండిపోయిన కండెన్సర్‌తో, పైగా లో వోల్టేజీలో అంత ఇవ్వలేదు. ఫోన్ ఛార్జర్ లాంటి ఎస్‌ఎంపీఎస్ రకం మంచి 9 వోల్టుల అడాప్టర్ పెట్టాక పట్టీలు పోయాయి. అయితే ఈ మోడల్ జాక్‌లో మధ్యది నెగెటివ్. ఇంట్లో దొరికే చాలా అడాప్టర్లు దీనికి ఉల్టా ఉంటాయి. మీటర్ పెట్టి చూడకుండా గుచ్చొద్దు.

ఎల్ఈడీ టీవీలో "నో సిగ్నల్" వస్తే కూడా మెషిన్‌ని తిట్టకండి. ఇది మామూలు టీవీ ప్రసారంలా ఇంటర్లేస్ చేసి, అంటే ఒక్కో బొమ్మని సగం సగం గీతలుగా, పంపదు, కొన్ని కొత్త టీవీలు ఆ సిగ్నల్‌ని ఒప్పుకోవు. డబ్బా టీవీ ఒకటి దాచుకోవడం మేలు.

మెషిన్ మీద నాకున్న ఒకే ఫిర్యాదుకి సోల్డరింగ్ ఐరన్‌తో పని లేదు. మాది పాల్ అనే టీవీ పద్ధతి మోడల్, అంటే సెకనుకి 50 సార్లు బొమ్మ (50 హెర్ట్జ్). పైనా కిందా నల్లపట్టీలు, పైగా సోనిక్ 60 హెర్ట్జ్ అసలు వేగం కంటే ఆరో వంతు నెమ్మదిగా పరుగెత్తుతాడు. లోపల జంపర్ (బోర్డు మీది చిన్న అతుకు) మార్చి 60 చేసుకునేవాళ్లున్నారు గానీ, అలా చేస్తే కొన్ని టీవీల్లో ఏవీ వైరు మీద రంగులు పోతాయి. అందుకే నేను దాని జోలికి పోలేదు.