రెండంగుళాలకే మెరిసిపోతున్న పీకాక్ సిచ్లిడ్‌లు చూపిస్తే కొనకండి

పీకాక్ సిచ్లిడ్‌లు (ఆఫ్రికాలోని మలావి సరస్సు జాతి, అక్వేరియంలో పెంచే రంగు చేపలు) కొనబోయేవాళ్ళు ఇది చదివాకే డబ్బులు తీయండి. షాపు పేరు రాయను. హైదరాబాద్‌లో మలావి చేపలు పెంచేవాళ్ళకి ఆ నీలం లైట్లు, ఆ "ఇంపోర్టెడ్ సార్" అనే మాట చెబితే చాలు, ఎవరో అర్థమైపోతుంది.

చేపలు రెండంగుళాలు కూడా లేవు. అన్నిటికీ ముఖం నీలం, ఒళ్ళంతా పసుపు. ఒక్కటీ మసకగా లేదు. "అన్నీ మగవే సార్, ఏరి పెట్టా" అని ఒక్కోటి 700 చెప్పాడు. తెచ్చుకున్నా. నెల తిరిగేసరికి ముఖం మీద నీలం పోయి బూడిద రంగు పాకింది. ఆ తర్వాత పసుపు పలచబడి, పక్కల మీద నిలువు చారలు తేలాయి. ఇప్పుడు నా ట్యాంకులో ఉన్నవి బురద రంగు చేపలు. నీళ్ళ తప్పు అనుకోకండి. మా బోరు నీళ్ళ పీహెచ్ 8 దాకా ఉంటుంది, బాగా గట్టి నీళ్ళు, మలావి చేపలకి కావాల్సినవి అవే. అదే ట్యాంకులో పాత ఎలక్ట్రిక్ ఎల్లోలు (అవీ మలావి చేపలే, పసుపు రంగువి) నిమ్మపళ్ళలా ఉన్నాయి.

ఫొటోలు పట్టుకుని వెళ్తే ఫోను వంక చూడనైనా చూడలేదు. "నీళ్ళు మార్చడం రాదు, ఇలాంటి చేపలు కావాలి" అని పక్కనున్న కస్టమర్‌కి వినపడేలా అన్నాడు. సరే, ఊరుకున్నా. అంతలో కౌంటరు కింద నుంచి ఒక జిప్ కవరు తీశాడు. లోపల గోధుమ రంగు పొడి. పైన కంపెనీ పేరు లేదు, తేదీ లేదు. "ఇది వేయండి సార్, రంగు మళ్ళీ వచ్చేస్తుంది. 450." ఇందులో ఏముంది, స్పైరులినానా (రంగు కోసం మేతలో కలిపే నాచు పొడి) అంటే "అవన్నీ మీకెందుకు, రంగు కావాలా వద్దా?" అంటాడు! ఒక్క నిమిషం ముందు నీళ్ళ తప్పు అన్నది ఈయనే. అదే అడిగితే నవ్వుతూ, "మేత ఆపితే రంగు నిలవదు సార్, అందరికీ తెలిసిందే." అందరికీ తెలుసట. డబ్బు కట్టినవాడికి తప్ప.

ఆ పొడిని ల్యాబ్‌కి పంపలేదు కానీ, ఈ వ్యాపారంలో హార్మోన్ మేత కొత్త కాదు. మనం తినే తిలాపియా చేప కూడా సిచ్లిడ్ కుటుంబానిదే. దాని పిల్లలన్నీ మగవి అయ్యేలా హేచరీల్లో మిథైల్ టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కలిపిన మేత పెడతారు. అలాంటి మందే రంగు చేపలకి పెడితే ఆడవి కూడా మగ రంగేసుకుంటాయి. ఆపితే దిగిపోతుంది. మందు పెట్టకపోతే పీకాక్‌ల్లో ఆడవి బూడిద రంగులోనే ఉంటాయి, మగవి మూడంగుళాలకి దగ్గరపడితే గానీ సరిగ్గా రంగెక్కవు. అప్పుడు కూడా ట్యాంకులో పెత్తనం చేసేదే బాగా మెరుస్తుంది, మిగతావి అణిగి ఉంటాయి. ఇదంతా తెలిసిన మహానుభావుణ్ణే నేను. నీలం లైటు కింద నిలబడితే ఒక్కటీ గుర్తు రాలేదు.

మీరు వెళ్తే ఆ లైటు తీయించి మామూలు తెల్ల లైటులో చూడండి. మసకగా ఉన్న పిల్లల్ని తెచ్చి పెంచుకోవడమే నయం. ఆ కవరు ఇప్పటికే కొన్నవాళ్ళు చేపలకి వేయకండి.

డబ్బు సంగతి అడిగితే "ప్రాణమున్న సరుకుకి రిటర్న్ లేదు" అన్న బోర్డు చూపించాడు. ఇంటికొచ్చి వాట్సాప్‌లో మళ్ళీ ఫొటోలు పెడితే నంబరు బ్లాక్ చేశాడు.