తప్పిపోయిన కుమారుడు: రెంబ్రాంట్ బొమ్మా, మురిల్లో బొమ్మా?

ఆస్తిలో వాటా తీసుకుపోయి, అంతా పోగొట్టుకుని తిరిగొచ్చిన చిన్నకొడుకును తండ్రి అక్కున చేర్చుకుని, కొత్త బట్టలిచ్చి, దూడను కోయించి విందు చేస్తాడు; పెద్దకొడుక్కి అది నచ్చదు. బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయంలోని ఈ కథను ఇద్దరు చిత్రకారులూ ఇంచుమించు ఒకే కాలంలో, 1660ల చివర్లో గీశారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్, స్పెయిన్‌లోని సెవిల్‌లో మురిల్లో.

మురిల్లో బొమ్మలో ఇల్లంతా సందడి. ఒక పక్క పిల్లాడు క్రొవ్విన దూడను తోలుకొస్తున్నాడు, ఇంకో పక్క పనివాళ్లు కొత్త బట్టలు తెస్తున్నారు. చిన్న తెల్ల కుక్క కొడుకు మీదికి ఎగురుతోంది. దానికి అతని చిరుగుబట్టలతో పనిలేదు, మనిషిని గుర్తుపట్టింది, అంతే. ఆ బట్టలకు అంత చోటివ్వడానికి కారణముంది. సెవిల్‌లోని కారిదాద్ ఆసుపత్రి చర్చి కోసం దయాకార్యాల మీద గీసిన వరుసలో, ఇది బట్టలు లేనివారికి బట్టలివ్వడం గురించిన బొమ్మ. ఇప్పుడది వాషింగ్టన్‌లో ఉంది.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్న రెంబ్రాంట్ బొమ్మలో దూడా లేదు, కుక్కా లేదు. చుట్టూ చీకటి. కొడుకు మొహం కూడా సరిగా కనబడదు. కనబడేది గొరిగిన తల, చెప్పు ఊడిపోయిన ఎడమ పాదం, అరిగి మురికిపట్టిన అరికాలు. ఎంత దూరం నడిచొచ్చాడో ఆ అరికాలే చెబుతుంది. తండ్రి రెండు చేతులూ అతని వీపు మీద ఆనించాడు, ఒకటి వెడల్పుగా, గట్టిగా, ఇంకొకటి మెత్తగా. కుడివైపు ఎర్రటి వస్త్రంలో ఒకాయన చేతులు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని నిలబడి చూస్తుంటాడు. ఆయన్ని పెద్దకొడుకనే ఎక్కువమంది అంటారు.

పిల్లలకు కథ చెప్పాలంటే నేను మురిల్లో బొమ్మే చూపిస్తాను. నా మట్టుకు నాకు మాత్రం ఆ అరికాలే కావాలి.