నా బొమ్మల సైటు: హ్యూగో, గిట్‌హబ్ పేజెస్ ఏడాదిన్నర వాడాక

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు, ముఖచిత్రాలు వేస్తాను. ఉండేది రాజమండ్రిలో. పని ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది విజయవాడ, హైదరాబాద్ వాళ్లు. "మీరు వేసినవి ఒకసారి చూపిస్తారా అమ్మా" అని అడిగినవాళ్లకు వాట్సాప్‌లో పంపితే గీతలన్నీ మసకబారిపోతాయి. అందుకని నాకు సైటు తప్పనిసరి.

ఇంతకుముందు ఒకటి ఉండేది. తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన ఒక డిజైనర్ వర్డ్‌ప్రెస్ అనే సైట్లు చేసే సాఫ్ట్‌వేర్‌లో చేసి, సైటు ఫైళ్లను అద్దెకు ఉంచే ఒక హోస్టింగ్ కంపెనీలో పెట్టారు. మొదటి ఏడాదికి 1,900 రూపాయలు కట్టాను. రెండో ఏడాది రెన్యువల్ 6,400 అన్నారు. కష్టమైనా కట్టేదాన్నే. కానీ డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, ఆ డిజైనర్ మెయిల్ మీద ఉంది, ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. గడువు దాటిపోయింది, పేరు చేజారింది. అదే పేరుతో వేయించిన విజిటింగ్ కార్డులు ఇంకా రెండు వందలు ఇంట్లో ఉన్నాయి. సైటు ఎవరిచేత చేయించుకున్నా సరే, డొమైన్ మాత్రం మీ మెయిల్‌తో మీరే కొనుక్కోండి. ఇప్పుడు నా డాట్ ఇన్ పేరుకు ఏడాదికి ఎనిమిది వందల లోపే అవుతోంది. సైటు మీద నేను పెట్టే డబ్బు అంతే.

మా అన్నయ్య కొడుకు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు అడిగిన మొదటి ప్రశ్న: "అత్తా, నీ సైటులో రోజూ మారేది ఏముంది?" ఏమీ లేదు. 42 బొమ్మలు, నా గురించి నాలుగు మాటలు, ఫోన్ నంబరు. దీనికి వర్డ్‌ప్రెస్ అక్కర్లేదన్నాడు. అందులో మామూలుగా ఎవరైనా పేజీ తెరిచినప్పుడల్లా డేటాబేస్‌లోంచి తీసి తయారుచేయాలి. ప్లగిన్లు అనే అదనపు ప్రోగ్రాములు అప్‌డేట్ చేస్తూ, ఎవరైనా హ్యాక్ చేస్తారేమో అని టెన్షన్ పడుతూ ఉండాలి. రోజూ రాసేవాళ్లకు, ఫోన్‌లోంచే పోస్ట్ చేయాలనుకునేవాళ్లకు అది మంచిదే. నాకు మాత్రం పేజీలు ఒక్కసారి తయారుచేసి పెట్టేస్తే చాలు.

ఆ తయారుచేసే పనికి హ్యూగో అనే ఉచిత ప్రోగ్రాం తీసుకున్నాం. అంతకంటే ముందు, అదే పని చేసే, 2008 నుంచీ ఉన్న జెకిల్ ప్రయత్నించాం. దాన్ని నా విండోస్ ల్యాప్‌టాప్‌లో నడపాలంటే ముందు రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష ఎక్కించాలి. అక్కడే ఒక సాయంత్రమంతా పోయింది. హ్యూగో అయితే ఒక్క ఫైలు, దించుకుంటే పనిచేస్తుంది. మార్పు చేసి సేవ్ చేయగానే బ్రౌజర్‌లో కనిపిస్తుంది. బొమ్మ ఫోల్డర్‌లో వేసి, పక్కన పేరు, పుస్తకం, సంవత్సరం రాస్తాను. కోడ్ రాయడం నాకు ఇప్పటికీ రాదు. ఈ పని మాత్రం నేనే చేసుకుంటున్నాను.

అసలు కష్టం తెలుగు అక్షరాల దగ్గర వచ్చింది. ఉచిత థీమ్‌లలో (సైటు రూపం ముందే సిద్ధం చేసి ఇచ్చేవి) నేను చూసినవన్నీ ఇంగ్లిష్ అక్షరాలను చూసి చేసినవే. "ముఖచిత్రాలు" అని పెద్దగా రాస్తే 'త్రా' కింద క్రావడి సగానికి తెగిపోయింది. "రాజ్యలక్ష్మి" రెండు వరుసల్లో పడితే పై వరుస ఒత్తు, కింది వరుస గుడి ఒకదాన్నొకటి రాసుకున్నాయి. అక్షరాల మధ్య ఖాళీ పెంచే సెట్టింగ్ ఒకటి ఉంది. దానివల్ల మాట విడిపోయి ముక్కలుగా కనిపించింది. ఆ ఖాళీ సున్నా చేశాం, వరుసల మధ్య దూరం (లైన్ హైట్) 1.2 నుంచి 1.7కి పెంచాం, అడుగున కత్తిరించే సెట్టింగ్ తీసేశాం. శీర్షికలకు రామభద్ర, మిగతా రాతకు మండలి ఫాంట్లు పెట్టాం. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇప్పుడు ఒత్తులన్నీ నిండుగా ఉన్నాయి. అక్షరం కూడా బొమ్మే కదా, అది తెగి ఉంటే నా సైటు చూపించబుద్ధి కాదు.

ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. లింకును వాట్సాప్‌లో వేస్తే శాతం గుర్తులు, అంకెలతో నాలుగు వరుసలు వచ్చింది. ఇప్పుడు పేజీలో పేరు తెలుగులో, చిరునామా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచుతున్నాను.

ఏ-4 బొమ్మను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు వస్తుంది. నా నీటిరంగుల బొమ్మ ఒక్కోటి 18 ఎంబీ దాకా ఉంటుంది. స్క్వూష్ అని గూగుల్ వాళ్లది ఒక టూల్ ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. అందులో వెడల్పు 1600కి తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫైలు రకంగా మారిస్తే 250 కేబీ చుట్టుపక్కలకు దిగుతుంది. పాత, కొత్త పక్కపక్కనే చూస్తూ తగ్గించవచ్చు. కాగితం గరుకు పోయేదాకా తగ్గించకండి. నీటిరంగుల్లో అదే ప్రాణం.

మొత్తం బొమ్మలు కలిపి 11 ఎంబీ లోపే. హ్యూగో తయారుచేసిన పేజీలు పెట్టింది గిట్‌హబ్ పేజెస్‌లో. అది ఇలాంటి సైట్లను ఉచితంగా ఉంచే చోటు. సైటుకు 1 జీబీ వరకు ఇస్తారు, చూసేవాళ్లకు నెలకు మొత్తం 100 జీబీ దాకా పంపనిస్తారు. వచ్చిన ప్రతివాళ్లూ అన్ని బొమ్మలూ చూసినా నెలకు తొమ్మిది వేల మంది పడతారు. సొంత డొమైన్ కలుపుకోవచ్చు, సురక్షిత కనెక్షన్ (https) కూడా ఉచితమే. మార్పు పంపాక ఒకటి రెండు నిమిషాల్లో సైటులో కనిపిస్తుంది. కాంటాక్ట్ ఫారం మాత్రం దానంతట అది పనిచేయదు. నేను వాట్సాప్ లింక్ పెట్టాను. నన్ను పిలిచేవాళ్లకు అదే సులువు. బొమ్మల ప్రింట్లు అమ్ముకునే దుకాణంలా నడపాలంటే గిట్‌హబ్ నిబంధనలు ఒప్పుకోవు, వేరే చోటు చూసుకోవాలి. ఈ ఫైళ్ల గొడవే వద్దనుకుంటే, బ్రౌజర్‌లోనే పేజీలు చేసుకునే గూగుల్ సైట్స్ ఉంది. తెలుగు ఫాంట్లు, ఖాళీలు ఇంత నచ్చినట్టు దిద్దుకోలేమని నేను దానివైపు వెళ్లలేదు.

నాలా బొమ్మలు వేసేవాళ్లు ఒకటి తప్పక గుర్తుంచుకోవాలి. ఉచితంగా వాడితే గిట్‌హబ్‌లో మన ఫైళ్లున్న చోటు (రిపోజిటరీ అంటారు) అందరికీ తెరిచే ఉంటుంది. ఇంకా విడుదల కాని ఒక ముఖచిత్రం నేను పొరపాటున పెట్టి, గంటలోపే తీసేశాను. దసరా సెలవులకు వచ్చిన మేనల్లుడు పాత మార్పుల జాబితా తెరిచి చూపించాడు. బొమ్మ అక్కడ భద్రంగా ఉంది. పేజీలోంచి తీసినంత మాత్రాన చరిత్రలోంచి పోదట. అప్పటికి పుస్తకం వచ్చేసింది కాబట్టి ఇబ్బంది కాలేదు. అయినా ప్రచురణకర్తకు ఫోన్ చేసి ఉన్న మాట చెప్పాను. తర్వాత ఆ రిపోజిటరీని మొత్తం చెరిపేసి, మిగతా బొమ్మలతో కొత్తది మొదలుపెట్టాం.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో రెండు ఫోల్డర్లు పెట్టుకున్నాను. పూర్తయిన బొమ్మ ముందు మొదటి దాంట్లో ఉంటుంది. "ఇక చూపించుకోండి" అని పుస్తకం వాళ్ల మెసేజ్ వచ్చాకే రెండోదాంట్లోకి, అక్కణ్నుంచి సైటులోకి వెళ్తుంది.