ఫోలిక్ యాసిడ్: 400 మైక్రోగ్రాములా, 5 మిల్లీగ్రాములా?

ఫోలిక్ యాసిడ్ ఒక బి విటమిన్; కడుపులో బిడ్డకు అనెన్‌సెఫలీ లాంటి లోపాలు వచ్చే ముప్పును తగ్గిస్తుంది. అనెన్‌సెఫలీలో బిడ్డకు పుర్రె పైభాగం, మెదడులో చాలా భాగం ఏర్పడవు, బిడ్డ దక్కదు. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టమైన నాడీనాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకోవాలి, లేకపోతే ఇలాంటి లోపాలు వస్తాయి. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే ఏ మోతాదైనా గర్భానికి ముందే మొదలుపెట్టాలి.

ఖర్చు: రెండూ చవకే.
శ్రమ: రోజుకో మాత్ర, గర్భానికి 12 వారాలు నిండేదాకా.
రిస్కు: 400తో దాదాపు లేదు. 5 మాత్రం బి12 విటమిన్ లోపాన్ని బయటపడకుండా కప్పేయవచ్చు. ఆ లోపం ఎక్కువగా ఉండే శాకాహారులు ముందే దానికి పరీక్ష చేయించుకోవాలి.
ఫలితం: నాడీనాళ లోపంతో బిడ్డ కలిగిన తల్లుల్లో 4 మిల్లీగ్రాములు మళ్లీ వచ్చే ముప్పును 72 శాతం తగ్గించాయని 1991 నాటి బ్రిటన్ అధ్యయనం తేల్చింది. ఇంత మేలు చేసే మందులు అరుదు.

ఏ జబ్బూ లేని తొలి కాన్పుకు 400 చాలు. ముందు బిడ్డకు ఈ లోపం వచ్చినా, ముందునుంచే షుగర్ ఉన్నా, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ అనే మందు వాడుతున్నా డాక్టరును అడిగి 5 వేసుకోండి. మూర్ఛ మందు మాత్రం సొంతంగా ఆపొద్దు.